పేనుకొరుకుడు వచ్చిన ఏడు

హైమవతి తలలో పేనుకొరుకుడు మొదలైన సంగతి ఆవిడకంటే ముందు తొమ్మిదో తరగతి పిల్లలు కనిపెట్టారు. మచిలీపట్నంలో, అదే బందరులో, ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఆవిడ లెక్కల టీచరు. బోర్డు వైపు తిరిగి సమీకరణం రాస్తుంటే వెనక గుసగుసలు. ఇటు తిరిగితే అందరూ బుద్ధిమంతులే. కొన్నాళ్లు ఇలా నడిచాక ముందు బెంచీలో కూర్చునే పిల్ల, మాట కడుపులో దాచుకోవడం చేతకాని పిల్ల, లేచి నిలబడి అడిగేసింది.

"టీచర్, మీ నడినెత్తిన రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదండీ. ఎవరన్నా కత్తిరించేశారా అండీ?"

క్లాసు ఘొల్లుమంది. హైమవతి కూడా నవ్వేసి "కూర్చో" అంది గానీ, ఆ పూట మిగిలిన పీరియడ్లన్నీ బోర్డుకి వీపు ఆనించి నోటితోనే లెక్కలు చెప్పింది. ఇంటికొచ్చి వెనకొక అద్దం, ముందొక అద్దం పెట్టుకుని చూసుకుంటే నిజమే. ఆ చోటు నున్నగా, పసిపిల్ల బుగ్గలా ఉంది. దురద లేదు, మంట లేదు. మన వైపు దీన్ని పేనుకొరుకుడు అంటారు. పేను కొరికిన చోట జుట్టు ఊడుతుందని మొదట ఎవరన్నారో గానీ, ఆ నింద పేను ఇప్పటికీ మోస్తూనే ఉంది. హైమవతి తలలో పేనన్నది ఆవిడ చిన్నప్పుడే అంతరించింది.

ఊళ్లో చర్మవ్యాధుల డాక్టరు చూసి, ఇది అంటుకునేది కాదు, భయపడాల్సింది కాదు అన్నాడు. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరపాటుపడి జుట్టు కుదుళ్ల మీద పడుతుందట. చాలామందికి దానంతటదే తిరిగి వస్తుంది, కొందరికి ఇంకొన్ని చోట్లకి పాకుతుంది, ఎవరికి ఏమవుతుందో ముందుగా చెప్పలేం అన్నాడు. రక్తపరీక్షలు రాశాడు, గుడ్లూ పప్పులూ బాగా తినమన్నాడు, జుట్టు ఊడిన చోట చిన్న ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. చెప్పలేం అని ఒప్పుకున్న డాక్టరు హైమవతికి నచ్చాడు. ఇంట్లో మాత్రం ఆ ఒక్క మాటకే ఆయన పనికిరాకుండా పోయాడు.

పనికిరాడని తేల్చింది సూర్యకుమారి. హైమవతి భర్త శివరామకృష్ణకి ఆవిడ అక్కగారు, గుడివాడలో ఉంటుంది. మనసు మంచిది. ఆ మంచితనానికి ఎదురువెళ్లి గెలిచినవాళ్లు ఆ వంశంలో ఇంతవరకు లేరు.

"ఏమవుతుందో తెలీనప్పుడు సూదులెందుకమ్మా పొడవడం? తలకాయేమన్నా పిన్నులు గుచ్చుకునే దిండా?" అంది ఆవిడ. "పైగా స్టెరాయిడ్లట. నేను ఫోన్లో అంతా చూశాను. మన వంటింట్లో లేని మందు ఆయన దగ్గరేముంది?"

"కొన్నాళ్లు చూద్దాం వదినగారూ, డాక్టరు చెప్పారు కదా," అంది హైమవతి.

"చూస్తూ కూర్చుంటే ఉన్నది కూడా పోతుంది," అంది సూర్యకుమారి. శివరామకృష్ణ పేపర్లోంచి తల ఎత్తి, అక్క చెప్పినట్టు చెయ్యి అన్నట్టు చూసి, మళ్లీ పేపర్లో పెట్టుకున్నాడు. ఇంజెక్షన్లు అక్కడితో ఆగిపోయాయి.

ఇక అక్కణ్ణుంచి ప్రతి శనివారం గుడివాడ నుంచి బందరు వచ్చే రైల్లో ఒక సంచీ నిండా సీసాలు దిగేవి. కరివేపాకు కాచిన నూనె, మందారాకు ముద్ద, ఉసిరికాయ రసం. వీటన్నిటికీ పైన ఉల్లిపాయ రసం. రోజూ తెల్లవారగానే ఉల్లిపాయ దంచి, గుడ్డలో పిండి, నెత్తికి పట్టించి, ఆరాక తలంటుకుని బడికి వెళ్లాలి. ఎన్ని నీళ్లు పోసుకున్నా వాసన పోయేది కాదు. ఫ్యాను తిరిగితే చివరి బెంచీ దాకా వెళ్లేది. "టీచర్, ఇవాళ టిఫిను ఉల్లి పెసరట్టా అండీ?" అని పిల్లలు అడిగేవాళ్లు. స్టాఫ్ రూములో ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉండటం అలవాటైపోయింది.

తిండి కూడా ఆవిడ చేతిలోంచి పోయింది. గుడ్డు మాట ఎత్తగానే సూర్యకుమారి చెవులు మూసుకుని, గుడ్డు చేసే పని మినుములు చేస్తాయని చెప్పి డబ్బాడు సున్నుండలు చేసిపెట్టింది. పొద్దున మునగాకు వేసిన రొట్టె, మధ్యాహ్నం అవిసె గింజల పొడితో మొదటి ముద్ద, సాయంత్రం నల్ల నువ్వుల ఉండ. కాఫీ బంద్. వేడి చేస్తుందట. హైమవతికి జీవితంలో ఉన్న ఒకే ఒక్క వ్యసనం ఫిల్టరు కాఫీ, అది కూడా స్టవ్వు దగ్గరే నిలబడి తాగేది. ఆ వ్యసనం పోయింది, జాకెట్లు బిగుతయ్యాయి, జుట్టు మాత్రం రాలేదు. రాకపోగా కుడి చెవి పైన ఇంకో బిళ్ల తేలింది.

ఇంతలోనూ ఆవిడకి లోపల్లోపల ఒక సంతోషం ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గుపడే సంతోషం. రోజూ ఆఫీసుకి బయల్దేరే ముందు శివరామకృష్ణ కళ్లజోడు పెట్టుకుని, ఆవిణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, దువ్వెన కొసతో పాయలు తీసి ఒక్కొక్క చోటూ చూసేవాడు. ఆయన కలెక్టరాఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో కూడా ఫైలు మీద సంతకం పెట్టినట్టు పొడిపొడిగా మాట్లాడే మనిషి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ జడ ఎంత పొడుగో ఆయనకి తెలుసని హైమవతి అనుకోలేదు. అలాంటిది ఇప్పుడు వేళ్లతో మెల్లగా తడిమి, "నిన్నటికీ ఇవాళ్టికీ పెరగలేదులే," అనేవాడు. జుట్టు పోతే పోయింది, మనిషి దగ్గరయ్యాడు అనుకునేది ఆవిడ.

మూడో బిళ్ల వచ్చినప్పుడు సూర్యకుమారి దివిసీమలో మందిచ్చేవాడి ఆచూకీ పట్టుకొచ్చింది. ఒక ఆదివారం వదినా మరదళ్లు బస్సెక్కి, పులిగడ్డ దాటి అవనిగడ్డలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో కోడూరు వైపు వెళ్లారు. వరి చేలు అయిపోయి రొయ్యల చెరువులు మొదలైన చోట, ఒక చెరువు గట్టు మీద దేవదానం కనిపించాడు. చెరువుకి కాపలా ఉంటూ, అడిగినవాళ్లకి తండ్రి నేర్పిన మందు ఇచ్చే ముసలాయన. గురివింద గింజలు అరగదీసిన ముద్ద చిన్న ఆకులో పెట్టి ఇచ్చాడు.

"ఇది విషమండి. ఒక్కసారి, అదీ పైపైన రాయండి. చురుక్కుమనగానే కడిగేసుకోవాలి. గడ్డాల్లో ఊడిన మగోళ్లకి ఇస్తంటానండి. ఆడోళ్ల నెత్తికి ఎప్పుడూ ఇవ్వలేదు. పట్టుబట్టారని ఇస్తన్నా," అన్నాడు.

సూర్యకుమారి అంతా శ్రద్ధగా వింది. ఇంటికొచ్చాక, ఒకసారి రాస్తే పనిచేసేది మూడుసార్లు రాస్తే ఇంకా బాగా పనిచేస్తుంది కదా అనుకుంది. చురుక్కుమంటోంది వదినగారూ అని హైమవతి అంటే, పట్టిందన్న మాట అని సంబరపడి, పైన గుడ్డ కట్టింది. పొద్దునకి నడినెత్తి పొక్కిపోయింది. రెండో రోజుకి చీము పట్టింది, జ్వరం తగిలింది. విషయం మళ్లీ చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన తిట్టవలసినంతా తిట్టి, యాంటీబయాటిక్స్ రాసి, మందు తగిలిన చోట మచ్చ కడుతుందని, అక్కడ ఇక జుట్టు రావడం కష్టమని చెప్పాడు. సూర్యకుమారి ఏడ్చింది. ఆవిడ ఏడుపు చూసి హైమవతే ఓదార్చాల్సి వచ్చింది.

బడికి సెలవు పెట్టి పడుకున్న ఆ వారంలోనే ఆవిడకి అసలు సంగతి తెలిసింది. మధ్యాహ్నం వెనక గదిలో కళ్లు మూసుకుని ఉంది. ముందు గదిలో అక్కాతమ్ముళ్లు మాట్లాడుకుంటున్నారు. నిద్రపోయిందనుకున్నారు.

"అరవయ్యో ఏట గండం ఉందని పంతులుగారు ఏనాడో చెప్పారు," అంటోంది సూర్యకుమారి. "దాని నెత్తిన మొదటి బిళ్ల కనబడ్డ నెలలోనే నువ్వు ఆఫీసులో బీపీ పెరిగి కళ్లు తిరిగి పడ్డావు. రెండోది వచ్చినప్పుడు షుగరు బయటపడింది. పుణ్యస్త్రీ నెత్తి బోసిపోవడం ఎవరికి అరిష్టంరా? వైశాఖంలో నీ షష్టిపూర్తి అయ్యేదాకా ఏ మందో మాకో వేసి దాని జుట్టు నిలబెట్టాలి. అందుకేగా నా తాపత్రయమంతా."

"నేనూ రోజూ చూస్తూనే ఉన్నానక్కా," అన్నాడు శివరామకృష్ణ. "ఎడమ చెవి వెనక కూడా పల్చబడుతోంది. నాకు భయంగా ఉంది."

హైమవతి కదలకుండా పడుకుంది. కోపం తర్వాత వచ్చింది. ముందు సిగ్గేసింది. కిటికీ దగ్గర కూర్చుని, ఆయన వేళ్లు తగులుతుంటే మురిసిపోయినందుకు తన మీద తనకే సిగ్గేసింది. ఆయన రోజూ చూసుకున్నది తన ఆయుష్షు. అది ఆవిడ నెత్తి మీద రాసి ఉందనుకున్నాడు, వచ్చి చదువుకుని వెళ్లాడు. ఉల్లిపాయలు, నువ్వుల ఉండలు, కోడూరు ప్రయాణం, అన్నీ ఆయన కోసమే. ఇంతమంది ప్రేమలో తనకంటూ వచ్చింది ఎంత అని లెక్క వేసుకుంటే ఆవిడకి ఏమీ మిగల్లేదు.

కూతురు కృష్ణప్రియ విజయవాడలో ఉద్యోగం చేస్తోంది. వీడియో కాల్లో తల్లి తల చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, "అమ్మా, ఈ గోలంతా ఎందుకు? గుండు చేయించేసుకో. స్కూలుకి స్కార్ఫ్ కట్టుకెళ్లు. హాయిగా ఉంటుంది," అంది. ఆ హాయి అన్న మాట హైమవతికి చల్లగాలిలా తగిలింది. ఆ రోజంతా దాన్ని మనసులో తిప్పుకుంది. సాయంత్రం శివరామకృష్ణ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే అడిగేసింది.

"ఏమండీ, మొత్తం తీయించేసుకుంటానండీ. గుండు చేయించుకుంటాను."

ఆయన ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయాడు. "నేను బతికుండగానా?" అన్నాడు.

ఆ ఇంట్లో ఆడవాళ్లు తిరుపతి వెళ్తే మూడు కత్తెర్లు ఇస్తారు, అంతే. అంటే జడ కొసన మూడుసార్లు కత్తెర ఆడించి దేవుడికి సమర్పించడం. మొగుడున్న ఆడది గుండు చేయించుకోవడం ఎరగరు. శివరామకృష్ణ కుర్చీలో కూలబడి, ఎప్పుడూ చెప్పనిది చెప్పాడు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో నాయనమ్మ ఉండేదట. తాతయ్య పోయిన పదో రోజునే ఆవిడ జుట్టంతా గొరిగించేశారు. నెత్తిన ముసుగు జారినప్పుడల్లా ఆ బోడి తల చూసి ఈయన జడుసుకునేవాడట. పొద్దున్నే ఆవిడ ఎదురొస్తే మళ్లీ వెనక్కి వెళ్లి కూర్చునేవాళ్లట పెద్దవాళ్లు. "నిన్నలా చూడలేను హైమా. అలా చూశానంటే నేను పోయాననే అనిపిస్తుంది," అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

దెబ్బలాడే మనిషైతే దెబ్బలాడవచ్చు. భయపడే మనిషితో ఏం దెబ్బలాడతాం? హైమవతి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు అందించినప్పుడే తను దొరికిపోయానని ఆవిడకి తెలిసింది. ఎందుకంటే ఆ భయం ఆవిడకీ అంటుకుంది. డాక్టరు జబ్బు అంటుకోదన్నాడు గానీ భయం సంగతి చెప్పలేదు. రేపు గుండు చేయించుకున్నాక ఈయనకి ఏమన్నా అయితే? ఊరు అనేది తర్వాత. తను తనని ఏమంటుంది? లెక్కల టీచరుగా రెండింటికీ సంబంధం లేదని ఆవిడకి తెలుసు. తెలిసి కూడా, తెల్లవారుజామున ఆయన లేవకముందే లేచి, దిండు మీద రాలిన వెంట్రుకలు ఏరి, ఆయన కంట పడకుండా చెత్తలో కలిపేసేది. తర్వాత ఆయనకి బీపీ చూసేది. అంకె ఎక్కువుంటే తన తల వైపు చెయ్యి వెళ్లేది.

కోనేరు సెంటరు దగ్గర బ్యూటీ పార్లరు నడిపే రిజ్వానా చివరికి ఒక దారి చూపింది. నడినెత్తి కప్పేలా, ఉన్న జుట్టుకి క్లిప్పులతో పట్టించే విగ్గు. ఆ అమ్మాయి ఒకప్పుడు హైమవతి దగ్గర చదువుకున్నదే. ఒద్దికగా పెట్టి, అద్దం చూపించి, "టీచర్, బయటికి వెళ్లినప్పుడే పెట్టుకోండి. పుండు పూర్తిగా మానలేదు. ఇంటికి రాగానే తీసి గాలి తగలనివ్వండి," అంది.

ఇంటికి రాగానే తీద్దామనే అనుకుంది హైమవతి. కానీ విగ్గుతో గుమ్మంలోకి వచ్చిన భార్యని చూసి శివరామకృష్ణ ముఖం విప్పారింది. అది విగ్గని ఆయనకి తెలుసు. తెలిసినా ఆ రాత్రి చాన్నాళ్లకి అన్నం మారు వడ్డించుకున్నాడు. మర్నాడు కిటికీ దగ్గరికి పిలవలేదు. బీపీ కూడా దిగింది. ఇంకేముంది, ఆ విగ్గు ఆవిడ నెత్తికి కాపురమొచ్చింది. ఇంట్లో ఉన్నా తీయడానికి లేదు. వైశాఖం ఎండలు వచ్చేశాయి. బందరు ఉక్క ఎలాంటిదో బందరులో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. విగ్గు కింద చెమట కారి పుండు ఒరిసేది. స్నానాల గదిలో గడియ వేసుకుని, క్లిప్పులు విప్పి, నెత్తి మీద చెంబుతో నీళ్లు పోసుకుని కాసేపు నిలబడేది. బయటి నుంచి ఎవరో ఒకరు పిలిచేవాళ్లు. మళ్లీ పెట్టుకుని వచ్చేది.

షష్టిపూర్తి నాడు కళ్యాణమండపం నిండా బంధువులు. పూజలూ హోమమూ అయ్యాక, దంపతుల్ని పక్కపక్కన పీటల మీద కూర్చోబెట్టి, పైన జల్లెడ పట్టి, పూజ చేసిన కలశాల నీళ్లు పెద్దలూ పిల్లలూ వరసగా వచ్చి తల మీద పోయాలి. హైమవతి నెలరోజులుగా భయపడుతున్నది ఈ ఘట్టానికే. సూర్యకుమారి దీనికి ముందే ఉపాయం ఆలోచించింది. మరదలికి కొంగు నిండుగా కప్పి, పక్కనే నిలబడి, వచ్చినవాళ్లందరి చెవిలో, "దానికి జలుబు చేసింది, తమ్ముడి మీదే పోయండి, దాని మీద నాలుగు చుక్కలు చిలకరించండి చాలు," అని చెప్తోంది.

నలుగురైదుగురు చెప్పినట్టే చేశారు. తర్వాత వచ్చిన వెంకటసుబ్రహ్మణ్యం మావయ్యకి చెవుడు. "ఇద్దరూ నూరేళ్లు చల్లగా ఉండండర్రా!" అని దీవించి, కలశం ఎత్తి నిండా హైమవతి నెత్తి మీద గుమ్మరించాడు. తడిసిన కొంగు బరువుకి జారింది. విగ్గు ఒక పక్క క్లిప్పు ఊడి నుదుటి మీదికి వాలింది.

ఎవరో "అయ్యో" అన్నారు. సూర్యకుమారి కొంగు పట్టుకుని లాగింది. అంతకంటే ముందే శివరామకృష్ణ చెయ్యి వచ్చి పడింది. కొంగునీ విగ్గునీ కలిపి అరచేత్తో ఆవిడ నడినెత్తిన అదిమి పట్టాడు. ఊడని రెండో క్లిప్పు సరిగ్గా పుండు మీద దిగింది. హైమవతికి కళ్ల ముందు మెరుపులు మెరిశాయి.

"చెయ్యి తీయండి," అంది మెల్లగా.

"అందరూ చూస్తున్నారు హైమా."

"గుచ్చుకుంటోందండీ."

"ఇంకొక్క రెండు కలశాలమ్మా, ఓర్చుకో," అంది సూర్యకుమారి పైనుంచి. శివరామకృష్ణ ఇంకా గట్టిగా అదుముతున్నాడు. పంతులుగారు మంత్రం ఆపలేదు. హైమవతి తల వంచుకుని ఆ చేతి కింద కూర్చుంది. ఈ ఏడంతా ఇలాగే కూర్చుంది. ఈ పీట మీంచి లేచాక కూడా ఇలాగే కూర్చోవాలి, ఆయన బతికున్నన్నాళ్లూ. ఆ మాట మనసులోకి రాగానే ఆవిడకి తెలిసొచ్చింది. మొగుడి ఆయుష్షుని రోజుల్లో లెక్కపెట్టే స్థితికి తను వచ్చేసింది. దానికంటే ఏ అరిష్టమైనా నయం అనిపించింది.

ఆవిడ చెయ్యెత్తి ఆయన మణికట్టు పట్టుకుంది.

"మీ ఆయుష్షు ఇక్కడ లేదండీ," అంది. "ఇక్కడున్నది నా తల. అది నొప్పెడుతోంది. రేపు మొత్తం తీయించేస్తున్నాను. అడగటం లేదు, చెప్తున్నాను."

ఆయన చెయ్యి సడలింది. మెల్లగా పైకి తీసి చూసుకున్నాడు. అరచేతిలో పసుపు నీళ్లతో కలిసి నెత్తురు మరక ఉంది. దాన్ని చూశాడు, ఆవిడ తల వైపు చూశాడు. రోజూ కళ్లజోడు పెట్టుకుని చూసిన తలే. తడిసిన కొంగు మెడ మీదికి జారిపోయింది, రెండో క్లిప్పు కూడా ఊడి విగ్గు ఒళ్లో పడింది. అక్కడక్కడ మిగిలిన జుట్టు, మధ్యలో పచ్చి పుండు మండపంలో అందరికీ కనబడుతున్నాయి. సూర్యకుమారి కొంగు మళ్లీ కప్పబోతే ఆయన అడ్డంగా చెయ్యి పెట్టాడు.

వరసలో తర్వాత కృష్ణప్రియ కలశం పట్టుకుని నిలబడి ఉంది. తల్లి మీద పోయాలో వద్దో తెలియక చూస్తోంది.

"అమ్మ మీద పోయకమ్మా," అన్నాడు శివరామకృష్ణ. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, వెనక వరసలో మావయ్యకి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు. "అమ్మ తల మీద పుండుంది. మనం చేసిందే. నా మీద పోసెయ్."